అర టికెట్టు

"అక్కడ ఏ దేవుడుండాడు?"

బెంగళూరు దాటి మైసూరు రోడ్డులో ఉన్న పార్కుకు అందరం పోతున్నామని కొడుకు చెప్పగానే అవ్వ అడిగిన మొదటి ప్రశ్న అది. దేవుడెవరూ లేడన్నాడు కొడుకు. ఆటలుంటాయి, నీళ్ళుంటాయి, పిల్లోళ్ళు ఆడుకుంటారన్నాడు. అవ్వ కాసేపు ఆలోచించింది.

"దేవుడు లేని తావకి అన్ని దుడ్లు పెట్టుకోని ఎందుకురా పోయేది?"

అవ్వను తప్పుపట్టడానికి లేదు. చిత్తూరు జిల్లాలో ఆమె తరానికి తెలిసిన ప్రయాణాలన్నీ దేవుడి పేరుమీదివే. తలనీలాలకు తిరుమల, వినాయకచవితికి కాణిపాకం, ఆడికృత్తికకు తిరుత్తణి, పౌర్ణమికి తిరువణ్ణామలై. మొక్కు ఉంటేనే మూట కట్టేవాళ్ళు. పిల్లలు సంతోషపడతారన్న ఒకే ఒక్క కారణంతో ఇంటికి తాళం వెయ్యడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

తాళం వెయ్యడం కూడా అంత తేలికేమీ కాదు. బంగారుపాళ్యం దగ్గర చిన్న పల్లె వాళ్ళది. మూడెకరాల తోతాపురి తోట, నాలుగు పాడి ఆవులు. తోట ఏడాదికోసారి డబ్బులిస్తుంది. ఇస్తుందన్న నమ్మకం లేదు కూడా. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు 4 రూపాయల చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించాల్సి వచ్చిన సంగతి జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఇల్లు నడిచేది ఆవులమీదే. ఆవులకు ఆదివారాలు, సెలవులు తెలియవు. తెల్లవారి నాలుగింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పొదుగు దగ్గర కూర్చోవాల్సిందే. పెళ్ళయిన పదహారేళ్ళలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే రాత్రి ఊరిబయట ఉన్నది మూడోనాలుగోసార్లు. అదీ పెళ్ళికో చావుకో!

మరి ఈ ప్రయాణం ఎందుకు?

ఒక బాకీ ఉంది. రెండేళ్ళ కిందట బడిపిల్లలను ఇదే పార్కుకు తీసుకుపోయారు. ఆ పక్షం పాలబిల్లు మేత అప్పుకు సరిపోయింది. పిల్లవాడికి డబ్బు కట్టలేకపోయాడు తండ్రి. ఏడిస్తే సముదాయించొచ్చు, అలిగితే బుజ్జగించొచ్చు. వాడు ఆ రెండూ చెయ్యలేదు. అసలు అడగనే లేదు. తిరిగొచ్చిన స్నేహితులు వారంరోజులు చెప్పిన కథలన్నీ విని, ఇంటికొచ్చి అక్కకు మళ్ళీ చెప్పేవాడు. పట్టాలమీద తలకిందులుగా తిరిగే బండి గురించి, ఆకాశంలో తిరిగే చక్రం గురించి, తాను చూసినట్టే చెప్పేవాడు. అరుగుమీద కూర్చుని వినేవాడు తండ్రి. అడగని పిల్లల బాకీకి వడ్డీ ఎక్కువ.

*

బయల్దేరే రోజు ఖాయమైనప్పటి నుంచి ఇంట్లో ఒక కొలత గురించి మాటలు మొదలయ్యాయి. నూటనలభై సెంటీమీటర్లు.

మన ఆర్టీసీ బస్సులో అర టికెట్టు వయసును బట్టి. ఐదు దాటి పన్నెండులోపు ఉండాలి. వయసన్నది తల్లుల నోటిమాట కాబట్టి, ఏడేళ్ళవాడిని ఒళ్ళో కుదించి కూర్చోబెట్టుకుని "ఇంకా నాలుగు నిండలేదు సామీ" అని కండక్టరుకు చెప్పని అమ్మ ఒకప్పుడు అరుదు. ఇప్పుడీ తండ్రి అలా అవ్వ ఒళ్ళో ముడుచుకుని తిరుపతికి పోయినవాడే.

వండర్లాలో ఆ పప్పులుడకవు. అక్కడ వయసుతో పనిలేదు, ఎత్తుతోనే పని. నూటనలభై సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టు, దాటకపోతే పిల్లల టికెట్టు. ఒళ్ళు జలదరించే పెద్ద రైడ్లలో చాలావాటికి మనిషిని ఎక్కనిచ్చేదీ అదే కొలత. అంటే టికెట్టు తగ్గిందంటే ఆటలు కూడా తగ్గుతాయన్నమాట.

పదకొండేళ్ళ పిల్లవాడి ఎత్తు ఆ గీతకు కాస్త అటూ ఇటూగా ఉంది. తలవాకిలి దగ్గర గోడకు నిలబెట్టి దర్జీ టేపుతో అక్క కొలిస్తే ఒకరోజు నూటముప్పైతొమ్మిది, ఇంకోరోజు నూటనలభై. అప్పటినుంచి వాడు మామిడికొమ్మ పట్టుకుని వేలాడటం మొదలుపెట్టాడు. పాలన్నీ కేంద్రానికి పోయే ఇంట్లో, ఉదయం గ్లాసుకు తోడు సాయంత్రం ఇంకో గ్లాసు అడిగి తాగాడు. తల్లి మారుమాట లేకుండా పోసింది. తండ్రి మాత్రం పాలకార్డు వెనక పెన్సిలుతో లెక్క వేసుకున్నాడు. పెద్ద టికెట్లు నాలుగు, చిన్న టికెట్టు ఒకటి, బస్సులు, లాడ్జి, తిండి. చిన్న టికెట్టు అయితే ఒక ఆవు ఒక పూట ఇచ్చే పాలడబ్బు మిగులుతుంది. కొడుకు పెరగాలని మొక్కుకుంటుంటే, ఇంకో వారం పెరగకుంటే బాగుండునని తండ్రి మనసులో అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గూ పడ్డాడు.

*

వేసవి సెలవులు. కాయ ఇంకా కోతకు రాలేదు. తమ్ముడికి ఆవుల్ని అప్పగించి, తెల్లారకముందే రోడ్డుమీదికి వచ్చి బెంగళూరు బస్సెక్కారు. అవ్వ సంచిలో చిత్రాన్నం, నిప్పట్లు, వేయించిన శెనక్కాయలు. పిల్లవాడు పండక్కి కూడా వేసుకోని బడిబూట్లు వేసుకున్నాడు. అడుగు మందంగా ఉంటుంది కదా! తండ్రి చూశాడు, అర్థమైంది, ఏమీ అనలేదు. కండక్టరు అర టికెట్టు కొట్టి చేతిలో పెడితే, "ఈ ఒక్కపూటే" అన్నట్టు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు వాడు.

మొగిలి కనుమ ఎక్కుతుంటే అవ్వ మొగిలీశ్వరుడు ఉన్న దిక్కుకు దండం పెట్టింది. రెండో మలుపులో ఆడపిల్ల కిటికీలోంచి వాంతి చేసుకుంది. మైసూరు చూడాలని నెలరోజులుగా కలలు కన్న పిల్ల, ఘాటుకే నీరసపడి తల్లి భుజంమీద వాలిపోయింది. పలమనేరు దాటాక తెల్లారింది. నంగిలి దగ్గర రాష్ట్రం మారింది కానీ మాట మారలేదు. ముళబాగిలు, కోలారు బస్టాండ్లలో కూడా మన తెలుగే వినబడుతుంటే, "ఇంకా మనూరే కదరా" అంది అవ్వ. చిత్తూరు జిల్లావాళ్ళకు హైదరాబాదు ఒక రాత్రి ప్రయాణమైతే, బెంగళూరు, మద్రాసు పక్కవీధి లెక్క. అందుకే 1996లో రామోజీ ఫిల్మ్‌సిటీ వచ్చినా, ఈ వైపు పిల్లల సెలవులు ఎక్కువగా గడిచేది ఆ రెండు నగరాల్లోనే. నిన్నటి తరానికి మద్రాసంటే సముద్రం ఒడ్డున వీజీపీ గోల్డెన్ బీచ్. తర్వాత తాంబరం దగ్గర కిష్కింట. దాన్ని పెట్టిన నవోదయ అప్పచ్చన్, 'చిన్నారి చేతన'గా తెలుగులోకి వచ్చిన త్రీడీ సినిమా తీసినవారే. వోల్టేజి స్టెబిలైజర్లతో పేరు తెచ్చుకున్న వి-గార్డ్ అధిపతి కొచ్చౌసేప్ చిట్టిలప్పిళ్ళి కొచ్చిలో 2000లో ఒక పార్కు పెట్టి, 2005లో బెంగళూరు దగ్గర బిడదికి ఇంకోటి తెచ్చారు. వీళ్ళు పోతున్నది దానికే.

బెంగళూరు మెజస్టిక్‌లో బస్సు మారి, పార్కు ముందు చెట్టు కింద చిత్రాన్నం తిని, టికెట్ల వరుసలో నిలబడ్డారు. ఇక్కడ మాత్రం అవ్వే నాయకురాలు. తిరుమల కంపార్టుమెంట్లలో రాత్రులు గడిపిన మనిషికి ఈ వరుస ఒక లెక్కా? సంచి ఎక్కడ పెట్టాలో, చంటిబిడ్డ తల్లికి ఎలా దారివ్వాలో, ముందుకు తోసేవాడిని ఎలా చూడాలో ఆమెకు తెలుసు.

కౌంటరు పక్కన కొలబద్ద. పిల్లవాడు వెన్ను నిటారుగా చేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"బూట్లు విప్పు తమ్ముడూ" అన్నాడు అక్కడి కుర్రాడు.

విప్పాడు. గీత తలకు పైన నిలిచింది. వేలి మందం తేడా. అంతే.

"చైల్డ్" అని లోపలికి చెప్పాడు కుర్రాడు. తండ్రి కోరుకున్నదే జరిగింది. ఒక పూట పాలడబ్బు మిగిలింది. మిగిలిన నోట్లు మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటూ కొడుకు మొహం చూశాడు. వాడు వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఒక ముడి వెయ్యడానికి పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువసేపు కట్టుకుంటున్నాడు. అర టికెట్టు దొరికినందుకు బాధపడటం ఆ తండ్రికి అదే మొదటిసారి.

*

పెద్ద బండి దగ్గర ఇంకో కొలబద్ద ఉంది. పల్లెలో బతిమాలితే జరగని పనుండదు. కరెంటు లైన్‌మన్‌నైనా, సొసైటీ గుమాస్తానైనా "కొంచిం చూడన్నా" అంటే ఏదో ఒక దారి దొరుకుతుంది. తండ్రి ఆ అలవాటుతోనే ముందుకు పోయాడు.

"వేలంతే కదా తగ్గింది. కావాలంటే పెద్ద టికెట్టు దుడ్లే ఇస్తాము."

రైడు దగ్గరి కుర్రాడికి తెలుగు వచ్చు. కోలారు వైపువాడు కావచ్చు. "దుడ్డు కాదన్నా, బెల్టు" అన్నాడు నెమ్మదిగా. "మనిషిని పట్టుకునే కడ్డీ ఈ ఎత్తు ఒంటికి తగినట్టు చేసి ఉంటారు. చిన్న ఒళ్ళయితే జారుతుంది. నా తమ్ముడైనా ఎక్కించను."

దానికి ఎదురు చెప్పడానికి ఏముంది? నూటనలభై అన్నది టికెట్టు కోసం ఎవరో సరదాగా గీసిన గీత కాదు. బండి తలకిందులైనప్పుడు సీటులోని మనిషిని కాపాడే గీత. తండ్రికి ఆ మాట అర్థమైంది. కొడుక్కి అంతకుముందే అర్థమైనట్టుంది. కొంచెంసేపు నేలమీది చూపు నేలమీదే ఉంచి, తర్వాత తలెత్తి అన్నాడు:

"నువ్వు పో నాయినా. అక్కతో పోయి ఎక్కు. ఎట్లుంటాదో వచ్చి చెప్పు."

తండ్రి మామిడిచెట్టు కంటే ఎత్తు ఎక్కినవాడు కాదు. వద్దన్నాడు. ఆవుల సంగతి గుర్తుచేశాడు, తనకేమైనా అయితే పాలెవరు పిండుతారన్నాడు. పిల్లవాడు వినలేదు. వెనకనుంచి తోశాడు.

ఇలాంటి బండిలో అసలు భయం పరుగు కాదు, పరుగుకు ముందు నిదానం. చాలా రోలర్ కోస్టర్లను గొలుసో మోటారో మొదట ఒక ఎత్తుకు లాక్కుపోయి వదిలేస్తుంది. అక్కడినుంచి దాన్ని నడిపించే ఇంజను ఉండదు. ఎక్కిన ఎత్తే దానికి ఇంధనం. గొలుసుతో పైకి పోయేటప్పుడు 'టక్, టక్, టక్' అని వినబడేది కూడా భయపెట్టడానికి కాదు. బండి వెనక్కు జారకుండా పళ్ళ మధ్యన పడే కొక్కెం చప్పుడది. రక్షించే చప్పుడే గుండెను దడదడలాడిస్తుంది!

కింద నిలబడ్డ అవ్వకు ఇదంతా తెలియదు. ఆమెకు తమ ఊళ్ళో వేసవిలో జరిగే భారతం గుర్తొచ్చింది. పద్దెనిమిది రోజుల ఆ తిరునాళ్ళలో, పాశుపతం కోసం అర్జునుడు ఆకాశమంత తపస్సుమాను ఎక్కుతాడు. ఊరు ఊరంతా మెడలెత్తి చూస్తుంది. ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయకోసం, విభూతికోసం బిడ్డల్లేని తల్లులు కొంగుపడతారు. "అర్జునుడు నిమ్మళంగా ఒక్కో మెట్టు పాడుకుంటా ఎక్కుతాడు కదరా, వీళ్ళకేమి ఇంత బిన్నా?" అంది మనవడితో.

అంతలో బండి కదిలింది. అన్ని కేకల్లో ఒక కేక వాళ్ళకు బాగా తెలిసింది. "గోవిందా... గోవింద!"

పిల్లవాడు పగలబడి నవ్వాడు. ఉదయంనుంచి అదే మొదటి నవ్వు.

దిగివచ్చిన తండ్రికి కాళ్ళు వణుకుతున్నాయి. జుట్టు లేచి ఉంది. ఒక చెప్పు చేతిలో ఉంది. కొడుకు వదిలిపెట్టలేదు. పైనుంచి ఏం కనిపించింది? తలకిందులైనప్పుడు పొట్టలో ఎట్లుంది? కండ్లు తెరిచావా? తండ్రి ఒక్కొక్కటే చెప్పాడు. చివరికి వాడు అడిగాడు:

"భయమేసిందా నాయినా?"

"ఏసింది రా. కండ్లు గట్టిగా మూసుకున్నా."

పాము వచ్చినా, పిడుగుపడినా భయపడినట్టు ఎప్పుడూ ఒప్పుకోని మనిషి. ఆ జవాబు పిల్లవాడికి ఏమిచ్చిందో గానీ, వాడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే తూరి నేను నీ పక్కన కూర్చుంటాలే" అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు.

*

తర్వాత నీళ్ళు. నీళ్ళ ఆటలకు చీర పనికిరాదని ముందే తెలిసి, చెల్లెలి దగ్గర చుడిదారు అడిగి తెచ్చుకుంది తల్లి. పెళ్ళయ్యాక మొదటిసారి వేసుకుంది. బట్టలు మార్చుకునే గదిలోంచి పదినిమిషాలు బయటికే రాలేదు. ఎవరూ తనవైపు చూడటం లేదని గ్రహించాక వచ్చింది. కృత్రిమ అలల కొలనులో మొదటి అల మోకాళ్ళకు తగిలినప్పుడు కూతుర్ని పట్టుకుంది. పదో అలకు కూతుర్ని వదిలేసి చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం రెండు దాటినా అన్నం సంగతి ఎత్తలేదు. వేళకు వడ్డించాలన్న ఆలోచన ఆమెకు రాకపోవడం ఆ ఇంటి చరిత్రలో చిన్న విషయమేమీ కాదు.

అవ్వ ఒడ్డున బెంచీమీద కూర్చుంది. కొంగున ఎవరికీ తెలియకుండా ముడేసుకొచ్చిన శెనక్కాయలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ కొడుకునూ కోడల్నీ మనవల్నీ చూస్తోంది.

తమాషా ఏమిటంటే, డిస్నీల్యాండ్ ఆలోచన పుట్టింది అలాంటి బెంచీమీదే! లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు కూతుళ్ళను తీసుకుపోయిన వాల్ట్ డిస్నీ, వాళ్ళు రంగులరాట్నం ఎక్కితే తాను బెంచీమీద కూర్చుని శెనక్కాయలు తినేవాడట. పిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్ళు ఊరికే కూర్చునే బదులు అందరూ కలిసి ఆడుకునే చోటు ఒకటుంటే బాగుంటుందన్న ఆలోచన అక్కడే వచ్చిందని ఆయనే చెప్పాడు. అనహైంలో 160 ఎకరాల తోటలు కొని, ఏడాదిలో డిస్నీల్యాండ్ కట్టాడు. కొట్టేసిన తోటల్లో ఎక్కువ నారింజవి. మామిడి రైతులు వింటే చివుక్కుమంటుంది.

1955 జూలై 17న, ఒక ఆదివారం, దాని మొదటిరోజు. అదేమీ సవ్యంగా జరగలేదు. దొంగ టికెట్లతో వేలమంది లోపలికి వచ్చేశారు. ఎండకు కొత్త తారురోడ్డు మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మెవల్ల తాగునీళ్ళా, మరుగుదొడ్లా అని తేల్చుకోవాల్సి వచ్చి మరుగుదొడ్లకే ఓటేశారు. జనం దాహంతో తిట్టుకున్నారు. అంత పెద్ద పార్కు మొదటిరోజే అలా గడిచినప్పుడు, ఒక ఇంటి సెలవుల మొదటిరోజు వాంతులతో, వేలెడు తక్కువైన ఎత్తుతో మొదలైతే వింతేముంది? నెలల తరబడి ఊహించుకున్న రోజు ఎవరికైనా కాస్త పొట్టిగానే వస్తుంది. మిగతాది ఇంట్లోవాళ్ళే నింపుకోవాలి.

నాలుగైంది. నీళ్ళలో ఉన్న తండ్రి తానంతట తానే బయటికొచ్చాడు. గడియారం చూడలేదు, చేతులకే తెలిసింది. సంచిలోంచి సెల్లు తీసి తమ్ముడికి చేశాడు. మూడు ఆవులు బాగానే ఇచ్చాయట. ఎర్రావు మాత్రం చేపలేదట. ఎంత నీవిరినా కొత్త చెయ్యికి పొదుగు బిగబట్టుకుందట. "రేపటికి అలవాటవుతుందిలే అన్నా" అన్నాడు తమ్ముడు. తండ్రి సరేనని పెట్టేశాడు. భార్య అడిగితే "అంతా బాగుండాది" అన్నాడు.

చీకటిపడ్డాక బస్సెక్కి మైసూరు చేరి, లాడ్జిలో ఒకే గదిలో ఐదుగురూ పడుకున్నారు. రెండోరోజు జంతుప్రదర్శనశాల, ప్యాలెస్. పడుకోబోతూ అవ్వ అంది: "దేవుడు లేకపోతే ఏమిలే. మా కోడలు నవ్వింది."

తండ్రికి నాలుగింటికే మెలకువ వచ్చింది. పిండాల్సిన ఆవు లేదు. లేచి చేసేదేమీ లేదు. కిటికీలోంచి వచ్చే వీధిదీపం వెలుతురులో కొడుకు చాపమీద కాళ్ళు బారచాపి పడుకుని ఉన్నాడు. నిలబడినప్పటికంటే పొడుగ్గా కనిపించాడు. అది ఉట్టి భ్రమేమీ కాదు. పగలంతా నిలబడి, కూర్చుని తిరిగితే వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు కాస్త అణిగి, సాయంత్రానికి మనిషి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాడు. నిద్రపోయి లేచేసరికి మళ్ళీ పెరుగుతాడు. చీకటితో లేచి, గంటలకొద్దీ బస్సుల్లో కూర్చుని వచ్చినవాడిని నడిపొద్దున కొలిచారు మరి!

ఆ సంగతి తండ్రికి తెలియదు. ఆయన పాలకార్డు తీసి, వెనక పాత లెక్క కింద కొత్తది మొదలుపెట్టాడు. వచ్చే వేసవికి. ఈసారి టికెట్లు రాసేటప్పుడు పెన్సిలు ఎక్కడా ఆగలేదు.

పెద్దవి: ఐదు.